ఇద్దరికీ కలిపి ఒక మాత్ర

1. రెండో నెల

నాకు నెల తప్పిందన్న సంగతి నాకంటే ముందు కాంపౌండరుకి తెలిసింది.

పొద్దున్నే సముద్రపు నాచు పెంచే తాళ్ల పనికి వెళ్తూ, మాత్రలు తీసుకుందామని మందుల గది దగ్గర ఆగాను. ప్రతి నెలా చేసే పనే. గోడలో ఉన్న యంత్రం పళ్లెం మీద అరచెయ్యి పెడితే చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. ఒక చుక్క రక్తం తీసుకుని, కింద అర తెరిచి మాత్రలు ఇస్తుంది. పూర్వం ఆస్పత్రుల్లో మందులిచ్చే మనిషిని కాంపౌండరు అనేవారట. గట్టున ఊళ్లు మునిగి మా వాళ్లు ఈ తెప్పల మీదికి వచ్చి కొత్తలంక కట్టుకున్నప్పుడు ఆ పేరు ఈ యంత్రానికి పెట్టేసుకున్నారు.

ఇవాళ అర తెరుచుకోలేదు.

"ఈశ్వరి గారూ, శుభాకాంక్షలండి. మీరు గర్భవతి," అంది.

మా ఆయన సూరిబాబుకి ఎలా చెప్పాలా అని నేను ఇంకా లోపల్లోపల ఎగురుతూ ఉండగానే, "మీరు వాడే రెండు మందులూ ఆపేశాను," అని కూడా అంది.

"ఆపేస్తే ఎలాగండి? నాకు మూర్ఛ ఉంది. అవి వేసుకోకపోతే ఫిట్స్ వస్తాయి."

"గర్భవతులకు నిరపాయమని పూర్తిగా రుజువైన మందులే ఇవ్వాలని కొత్తలంక సభ తీర్మానం. ఈ రెండిటికీ పూర్తి రుజువు లేదు."

"మరి ఆపడం నిరపాయమని రుజువుందా?"

"ఆ ప్రశ్న నా పరిధిలో లేదు," అంది కాంపౌండరు.

నా వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటుంటే పక్కకి తప్పుకున్నాను. పని విశేషాలు చెప్పుకునే ఈ రికార్డరులో నాచు ఎంత పెరిగింది, ఏ తాడు తెగింది అని తప్ప ఇంకేమీ చెప్పలేదు ఎప్పుడూ. ఇవాళ ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు.

2. అదే వారం

సూరిబాబు తెప్పల కింద గొలుసులు బాగుచేసే పని చేస్తాడు. ఒంటినిండా ఉప్పుతో ఇంటికొచ్చి, సంగతి వినగానే నన్ను అమాంతం ఎత్తేశాడు. తర్వాత మాత్రల సంగతి చెప్తే మెల్లిగా కిందికి దించాడు.

"ఎన్నున్నాయి ఇంట్లో?"

"కొన్ని ఉన్నాయి బావా. సగం సగం విరుచుకుంటే డాక్టరమ్మ గారి ఓడ వచ్చేదాకా సరిపోతాయేమో."

వంటింట్లోంచి మా అత్త గంగాభవాని వచ్చింది. అన్నీ వింటూనే ఉంది. "ఆ యంత్రం ఒక్కటే ఈ ఊళ్లో బుద్ధిగా పనిచేసేది. ఆపేసింది కదా, మంచిదైంది. కడుపుతో ఉండగా మందేంటే? నీళ్లు తాగు, నిద్రపో, దేవుణ్ణి తలుచుకో," అంది.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. మా ఆడపడుచు మాణిక్యం ఆ పక్కనే కూర్చుని చేపల వల అల్లుతోంది. కుడి చేత్తో అల్లుతూ, మోచేతి దగ్గరే ఆగిపోయిన ఎడమ చేత్తో వలని అదిమి పట్టుకుంటుంది. తెప్పల మీదికి వచ్చిన కొత్తల్లో అందరికీ ఉప్పుజ్వరం పట్టుకుందట. గట్టునుంచి ఏవో మాత్రలు పంపితే కడుపుతో ఉన్నవాళ్లతో సహా అందరూ వేసుకున్నారు. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో చాలామందికి చేతులు సరిగా రాలేదు. వాళ్లలో మాణిక్యం ఒకతె. ఆ ఏడాదే సభ కూర్చుని ఈ తీర్మానం చేసింది. అప్పణ్ణించీ మా అత్త తలనొప్పికి కూడా మాత్ర వేసుకోదు.

ఓడలో ఊరూరూ తిరిగే డాక్టరమ్మ గారికి రేడియోలో కబురు పెట్టాం. తుపాను గాలులు కదా, గరగరమని చప్పుడు తప్ప జవాబు లేదు.

మాత్రలు విరుచుకుంటున్నాను.

3. మూడో నెల

ఇది నాకు గుర్తున్నంతవరకూ చెప్తాను. మిగతాది మాణిక్యం చెప్పింది.

తూర్పు వైపు నాచు తాళ్ల మీద గవ్వలు పట్టేశాయి. గీకకపోతే తాడు బరువెక్కి మునిగిపోతుంది. నేనూ మాణిక్యం తెప్ప అంచున కూర్చుని గీకుతున్నాం. మాత్రలు అయిపోయి అప్పటికి కొన్నాళ్లయింది. ఏమీ కాలేదు కదా అనుకుంటున్నాను. మా అత్త చెప్పిందే నిజమేమో అని కూడా అనుకున్నాను.

అంతలో బెల్లం మాడిన వాసన వచ్చింది.

చిన్నప్పటినుంచీ నాకు ఫిట్ వచ్చేముందు ఆ వాసనే వస్తుంది. "మాణిక్యం," అని పిలిచానట. పిలిచిన సంగతి నాకు గుర్తులేదు.

బిగుసుకుపోయి అలాగే పక్కకి ఒరిగి నీళ్లలో పడిపోయానట. నడుముకి తాడు ఉంది కాబట్టి కిందికి పోలేదు, కానీ మొహం నీళ్లలోనే ఉండిపోయింది. మాణిక్యం తాడుని కుడి చేతికి చుట్టుకుని, ఎడమ మోచెయ్యి గుంజకి అడ్డంగా బిగించి, వెనక్కి పడుకుని లాగింది. అరుపులు విని సూరిబాబు కిందనుంచి ఈదుకుంటూ వచ్చి నన్ను పైకి నెట్టాడు.

కళ్లు తెరిచేసరికి సూరిబాబు నా తల ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. అతని గడ్డం మీంచి నీళ్లు నా మొహం మీద పడుతున్నాయి. అన్నీ సముద్రం నీళ్లు కావు.

"బిడ్డ?" అన్నాను. ఎవరికి మాత్రం ఏం తెలుసు?

మాణిక్యం మోచేతి దగ్గర చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. అది చూసి, అప్పుడే పరిగెత్తుకొచ్చిన మా అత్త కొంగు చింపి కట్టు కట్టింది.

4. తర్వాతి వారం

గాలులు తగ్గి రేడియో పలికింది. కబురందగానే మా డాక్టరమ్మ షాహిన్ గారు రాజమండ్రి రేవు నుంచి ఓడని ఇటు మళ్లించారు.

మొదట పొట్ట మీద గొట్టం పెట్టి విన్నారు. తర్వాత నాకూ వినిపించారు. గుర్రం పరిగెడుతున్నట్టు చిన్న చప్పుడు. సూరిబాబు వినీ వినగానే బయటికి వెళ్లిపోయాడు. ఏడవడానికే వెళ్లాడని నాకు తెలుసు.

తర్వాత డాక్టరమ్మ గారు నన్ను తిట్టారు. మెల్లిగానే, కానీ బాగా తిట్టారు.

"మాత్రలు విరుచుకోమని ఎవరు చెప్పారమ్మా? మూర్ఛ మందు హఠాత్తుగా తగ్గించినా, ఆపినా ప్రమాదం. నువ్వు నీళ్లలో పడితే నీకొక్కదానికే కాదు, లోపల ఉన్నదానికీ ఊపిరందదు."

"కాంపౌండరు ఇవ్వలేదండి."

"కాంపౌండరు సంగతి నేను చూసుకుంటాను. ముందు ఇది విను. నీ రెండు మాత్రలూ ఒక్కటి కాదు. పసుపుది బిడ్డ వెన్నుకీ మెదడుకీ చెడు చేస్తుంది. కడుపు కావాలనుకున్నప్పుడే నాతో చెప్పి ఉంటే ముందుగానే మార్చేసేదాన్ని. దాన్ని ఇక ఇవ్వను. తెల్లది అలాంటిది కాదు. గట్టున ఎంతోమంది తల్లులు అది వేసుకుంటూనే పిల్లల్ని కన్నారు, ఆ పిల్లలు ఎలా ఉన్నారో మేం చూస్తూ వచ్చాం. దాని మీదే నిన్ను నిలబెట్టాలని చూస్తాను. దానితో పాటు ఫోలిక్ మాత్ర."

మా అత్త గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "ఏమీ కాదని రాసిస్తారా?" అని అడిగింది.

"రాసివ్వలేనండి," అన్నారు డాక్టరమ్మ గారు. "ఏ మందూ వేసుకోని తల్లికి కూడా రాసివ్వలేను. ఏది తక్కువ ప్రమాదమో చెప్పగలను. అది మటుకు గట్టిగా చెప్పగలను."

మా అత్త వెళ్లిపోయింది.

డాక్టరమ్మ గారు తన సంచీలోంచి తెల్ల మాత్రలు కొన్ని ఇచ్చారు. అంతకంటే ఎక్కువ ఇవ్వడానికి కొత్తలంక తీర్మానం ఒప్పుకోదు. మిగతావి కాంపౌండరు దగ్గరే తీసుకోవాలి. కాంపౌండరు మాట మారాలంటే సభ మాట మారాలి.

5. సభ జరిగిన రోజు

పెద్ద తెప్ప మీద ఎండబెట్టిన నాచు అంతా పక్కకి తోసి అందరూ కూర్చున్నారు. సభ పెద్ద పెద్దింట్లు గారు పాత తీర్మానం చదివి, "ఇది ఊరికే చేసుకున్నది కాదండీ. కళ్లారా చూసి, గుండె పగిలి చేసుకున్నాం," అన్నారు. అది నిజమే. చాలామంది తలలు ఊపారు.

డాక్టరమ్మ గారు మాట్లాడారు. నేను మాట్లాడాను, ఏం మాట్లాడానో సరిగా గుర్తులేదు. ఆ తర్వాత మా అత్త లేచింది. నా వైపు చూడలేదు.

"ఆ రోజు కూడా డాక్టర్లే చెప్పారు, ఏం కాదు వేసుకోమని. నేను నమ్మి వేసుకున్నాను. నా కూతురి చెయ్యి ఎవరు తెచ్చిస్తారు? కడుపుతో ఉన్నవాళ్ల మందులకి వేసిన తాళం తియ్యొద్దు," అని కూర్చుండిపోయింది.

ఇక అయిపోయిందనుకున్నాను. ఆ మాటకి ఎదురు చెప్పే మనిషి కొత్తలంకలో ఎవరుంటారు?

మాణిక్యం లేచింది.

"నాదో మాటండి. పాతికేళ్లుగా ఈ తీర్మానం ఎప్పుడు చదివినా అందరూ నా చెయ్యి వంక చూస్తారు. నా పేరు చెప్పి తాళం వేశారు గానీ, నన్ను అడిగినవాళ్లు లేరు. ఇవాళ కూడా అడగలేదు. అయినా చెప్తున్నాను."

పెద్దింట్లు గారు, "చెప్పమ్మా," అన్నారు.

"ఆ రోజు మా అమ్మకి మాత్ర ఇచ్చినవాళ్లు, ఇది కడుపులో బిడ్డని ఏం చేస్తుందో మాకు తెలీదు అని ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పుంటే మా అమ్మ ఆలోచించుకునేది. ఇవాళ మా వదినకి మాత్ర ఆపేసిన ఈ కాంపౌండరు, ఆపితే ఏమవుతుందో ఒక్క ముక్క చెప్పలేదు. వదిన నీళ్లలో పడిపోయింది. లాగింది నేనే, ఈ చేత్తోనే." కట్టు కట్టిన మోచెయ్యి పైకెత్తింది. "అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. నాకైతే తేడా కనబడటం లేదండి. తాళం నా కోసమే అయితే, నేనే అడుగుతున్నాను, తియ్యండి. తీసి, దాని చోట మాటలు పెట్టండి. వేసుకుంటే ఏమవుతుందో చెప్పండి, మానేస్తే ఏమవుతుందో చెప్పండి, తెలియకపోతే తెలియదని చెప్పండి."

మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని కూతుర్నే చూస్తోంది.

పొద్దు వాలేలోపు కొత్త తీర్మానం అయింది. గర్భవతులకి కాంపౌండరు తనంతట తాను మందు ఆపకూడదు. వెంటనే డాక్టరుకి కబురు పెట్టాలి. రెండు వైపులా ఉన్న ప్రమాదాలు చెప్పాలి. డాక్టరూ ఆ తల్లీ కలిసి తేల్చుకోవాలి. మందు వాడిన తల్లులు ఇష్టమైతే తమ అనుభవం చెప్పి డాక్టరమ్మ గారికి ఇవ్వచ్చు, తర్వాతివాళ్లకి పనికొస్తుంది. నేను ఈ రికార్డింగు ఇస్తానన్నాను. నాచు కబుర్లు కూడా వినాలా అని నవ్వారావిడ.

ఆ రోజునుంచీ మా అత్త నాతో మాట్లాడటం లేదు. కూతురితో కూడా మాట్లాడటం లేదు.

6. ఐదో నెల

ఇవాళ స్కానింగ్. ఓడలోనే చేశారు.

వెళ్తున్నామని ఇంట్లో చెప్పాం, ఎవర్నీ రమ్మనలేదు. ఓడ మెట్లు ఎక్కాక చూస్తే వెనకాల మా అత్త వస్తోంది. ఇస్త్రీ చీర కట్టుకుంది.

డాక్టరమ్మ గారు తెర మీద ఒక్కొక్కటీ చూపించారు. "ఇది వెన్ను, చక్కగా మూసుకుంది. ఇది గుండె, గదులన్నీ బాగున్నాయి." నాకు బూడిదరంగు మబ్బులు తప్ప ఏమీ అర్థం కాలేదు గానీ ఆవిడ గొంతు చూసి ధైర్యం వచ్చింది.

"చేతులు చూపించండి," అంది మా అత్త. నెలల తర్వాత ఆవిడ నోట నేను విన్న మాట అదే.

డాక్టరమ్మ గారు గొట్టం కాస్త జరిపారు. ఒక చెయ్యి కనబడింది, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు. రెండోది ఒంటి కిందకి పెట్టుకుంది. ఎంత కదిపినా తియ్యదే. నన్ను లేచి నడవమన్నారు. ఓడ మీద అటూ ఇటూ నడిచాను. సూరిబాబు ఒక పక్క, అత్త ఒక పక్క. ఆవిడ నా జబ్బ పట్టుకున్న పట్టుకి గాజు ఒత్తుకుపోయింది, నేనేమీ అనలేదు.

మళ్లీ పడుకుంటే తెర మీద రెండో చెయ్యి పైకి లేచి కనబడింది. పిడికిలి బిగించి ఉంది.

మా అత్త ఆ తెర మీద తన చెయ్యి ఆనించింది. "మాణిక్యానికి చెప్పాలి," అని గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.

7. ఏడో నెల

మందు పెంచారు.

తాళ్లు గీకే పని మానేశాను, ఇప్పుడు గట్టి తెప్ప మీద కూర్చుని నాచు ఆరబెట్టే పనే. అయినా మొన్న బెల్లం మాడిన వాసన వచ్చింది. ఫిట్ రాలేదు, వాసన మాత్రం వచ్చి పోయింది. రక్తం పరీక్ష చేస్తే మందు బాగా పలచబడిపోయిందట. కడుపుతో ఉన్నప్పుడు ఒళ్లు ఈ మందుని తొందరగా బయటికి పంపేస్తుందని, అందుకే పెంచాలని డాక్టరమ్మ గారు రేడియోలో చెప్పారు.

తగ్గిస్తారనుకుంటే పెంచడమేంటని భయం వేసింది. మాత్రలు పళ్లెంలో పెట్టుకుని వాటి వంక చూస్తూ కూర్చున్నాను. మా అత్త వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు ఆ జ్వరం వచ్చినప్పుడు ఒళ్లు కాలిపోయేది," అంది. "మాత్ర వేసుకోకపోతే నేను పోయేదాన్నే అన్నారు. అది కూడా నిజమే అయ్యుంటుంది. ఇన్నేళ్లూ నేనెందుకు వేసుకున్నానా అనే ఏడ్చాను గానీ, వేసుకోకపోతే మాణిక్యమే ఉండేది కాదేమో అని ఒక్కసారి కూడా అనుకోలేదు."

"నీ తప్పేముంది అత్తా? నీకెవరూ చెప్పలేదు."

"అదేగా మాణిక్యం అన్నది సభలో." పళ్లెంలో మాత్రలు లెక్కపెట్టింది. "పెంచమన్నారా? ఎందుకో చెప్పారా?"

"చెప్పారు."

"అర్థమయ్యేట్టు చెప్పారా?"

"ఆఁ."

"నాకు చెప్పు మరి."

చెప్పాను. మధ్యలో నాలుగైదుసార్లు ఆపి అడిగింది. నాకు తెలియనివి తెలియవని చెప్పాను. అవి మర్నాడు తనే రేడియో గదికి వెళ్లి డాక్టరమ్మ గారిని అడిగి వచ్చింది.

8. కాన్పు

ఆడపిల్ల. రెండు చేతులూ, పెద్ద గొంతూ. ఓడలోనే కాన్పయింది, ఫిట్ రాలేదు. ఇంకా చాలా చెప్పాలనుంది గానీ నిద్ర వస్తోంది.

9. బాలింత

ఇంటికి వచ్చిన రెండో పొద్దున సూరిబాబు మాత్రల కోసం వెళ్లి ఉత్త చేతుల్తో వచ్చాడు.

"మళ్లీ ఆపేసింది ఈశ్వరీ. తీర్మానంలో గర్భవతి అనే ఉందట. నువ్వు ఇప్పుడు గర్భవతివి కాదట. పాలిచ్చే తల్లులకి పాత నిబంధనే అంటోంది. మందు కావాలంటే పాలు మానేసి డబ్బాపాలు పట్టమంటోంది."

నిద్ర తక్కువైతే నాకు ఫిట్స్ ఎక్కువ. ఈ రోజుల్లో మందు తప్పకూడదని డాక్టరమ్మ గారు మరీ మరీ చెప్పారు. కాన్పయ్యాక ఎంత తగ్గించాలో, పాలల్లోకి ఎంత వెళ్తుందో, పిల్ల మరీ మత్తుగా పడుకున్నా, పాలు తాగకపోయినా, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా వెంటనే చెప్పమని, అన్నీ చెప్పి పంపించారు. ఇంతా చేసి ఒక్క మాట తేడాతో మళ్లీ మొదటికే వచ్చాం.

మా అత్త పొయ్యి మీద కారం పొడికి దినుసులు వేయిస్తోంది. గరిటె పక్కన పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్లింది.

ఆ తర్వాత సంగతి మాణిక్యం నవ్వుతూ చెప్పింది. అత్త తిన్నగా పెద్దింట్లు గారింటికి వెళ్లిందట. ఆయన అన్నం తింటున్నారట.

"చెయ్యి కడుక్కుని రండి," అందట.

"ఏంటి గంగాభవానీ, సభ పిలవాలంటే ఒక పద్ధతుంటుంది కదా."

"పిలవండి. పద్ధతి ప్రకారమే పిలవండి. ఈలోగా డాక్టరమ్మ గారు రేడియోలో ఉన్నారు, అత్యవసరమని మందు ఇప్పించడానికి సభ పెద్ద ఒక్కరి మాట చాలట. కనుక్కునే వచ్చాను. తాళం తియ్యొద్దని సభలో అన్నది నేనే కదా? ఇప్పుడు తియ్యమంటున్నది కూడా నేనే. కడుపులో ఉన్నంతసేపే బిడ్డా, బయటికొస్తే కాదా?"

పెద్దింట్లు గారు చెయ్యి కడుక్కుని వచ్చారు. కాంపౌండరు పళ్లెం మీద ఆయన చెయ్యి పెడితే, మా అత్త పక్కన నిలబడి ఆయన ఏం చెప్పాలో అందించిందట. మూడోనాడు సభ కూర్చుని "గర్భవతి" పక్కన "పాలిచ్చే తల్లి" అని చేర్చింది. ఈసారి ఎదురు చెప్పినవాళ్లు లేరు.

10. మూడో నెల, పిల్లకి

డాక్టరమ్మ గారు వచ్చి నా పాలూ, పిల్ల రక్తమూ పరీక్షించి వెళ్లారు. మందు కాస్త వెళ్తోంది, పిల్లకి ఇబ్బంది లేదు, బరువు బాగా పెరుగుతోంది అన్నారు. కనిపెట్టుకుని ఉండమన్నారు.

కనిపెట్టుకుని ఉండే పని మా అత్త తీసుకుంది. పిల్ల నిద్రపోతే, మామూలు నిద్రేనా, మత్తా అని దగ్గరికెళ్లి వంగి చూస్తుంది. అరికాలు గిల్లి చూస్తుంది. పిల్ల లేచి ఏడిస్తే నాకు కోపం వస్తుంది, ఆవిడకి ఆనందం.

ఇవాళ పొద్దున పిల్లని ఒళ్లోకి తీసుకోబోతుంటే నా చెయ్యి ఆపింది. గ్లాసుతో నీళ్లూ, అరచేతిలో తెల్ల మాత్రా పట్టుకుని నిలబడి ఉంది.

"ముందు నువ్వు ఇది వేసుకో. తర్వాత దానికి పాలివ్వు."

వేసుకున్నాను. ఆ కాస్త ఆలస్యానికే పిల్ల కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ గుక్కపట్టింది. అటు తెప్ప మీద నాచు ఆరబెడుతున్న మాణిక్యం కూడా వెనక్కి తిరిగి చూసేంత అరుపు. పక్కింటివాళ్లు ఏమైందని కిటికీ తీశారు.

మా అత్త గ్లాసు కింద పెట్టి వాళ్ల వైపు చూస్తూ, మొహం నిండా నవ్వుతో అంది.

"ఏం కాలేదు. మా పిల్లకి మెలకువ ఎక్కువ."